గుండె చెప్పెడి సాక్ష్యము

సంక్రాంతి పండుగ దాటిన దినములలో రోలుగుంట పరిసరములందు చెఱకు గానుగలు తిరుగుచుండును. తూర్పు కనుమల పాదమున, నర్సీపట్నమునకు చేరువగా నున్న మండల కేంద్రమిది. చోడవరము శాసనసభా నియోజకవర్గములోని ఈ మండలము చిరకాలము విశాఖపట్నము జిల్లాలో నుండి, 2022వ సంవత్సరము ఏప్రిల్ నెలలో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరినది. అనకాపల్లి బెల్లపు బజారు దేశమందంతటను పేరుగన్నది. తెల్లవారుజామున ఈ ప్రాంతపు దారులలో పోవువారికి కాగుచున్న చెఱకు రసపు వాసన మంచుతో కలిసి తగులును.

ఇట్టి ఒక యుదయమున ఇద్దరు మనుష్యులు ఆ దారిని నడచుచున్నారనుకొందము. ఒకడు 45 ఏండ్ల రైతు. రెండవవాడు అతని అన్న కుమారుడు. వయస్సు 20 ఏండ్లు. విశాఖపట్నమున చదువుకొనుచు పండుగకు ఇంటికి వచ్చినవాడు. ఇద్దరి బరువును 60 కిలోగ్రాములే. ఇద్దరును ప్రక్కప్రక్కనే, గంటకు 6 కిలోమీటర్ల వేగముతో, ఒక గంటసేపు నడచిరి. యువకుని మణికట్టున గుండె చప్పుళ్ళను లెక్కించు గడియారము కలదు. అతని గుండె నిమిషమునకు 140 మార్లు కొట్టుకొనుచున్నదని అది చూపెను. నడకలోనే దానిని విప్పి పినతండ్రి చేతికి కట్టగా 105 అని చూపెను.

"చూచితిరా బాబాయీ! నా గుండె మీ గుండె కంటె 35 మార్లు ఎక్కువగా కొట్టుకొనుచున్నది. నా ఒంటిలోని క్రొవ్వు మీకంటె ఎక్కువ కరగినదన్నమాట!" అని యువకుడు సంతోషించెను.

రైతు నవ్వి, "అదేమిరా అబ్బాయీ! దారి యొక్కటే, బరువు ఒక్కటే, వేగము ఒక్కటే. పని ఒక్కటే అయినప్పుడు ఖర్చు రెండు విధములెట్లగును?" అని యడిగెను.

ఈ ఇద్దరిలో ఎవరి మాట నిజము? ఇది వట్టి వినోదపు ప్రశ్న కాదు. నేడు ఆరోగ్యము కొఱకు నడచువారును, పరుగెత్తువారును ఊరూరను కలరు. వారిలో పలువురు చేతి గడియారపు అంకెలను నమ్ముచున్నారు. అంకె పెద్దదైనదని ఒకడు అదనముగా భుజించును. అంకె పెంచవలెనని మఱియొకడు తన శక్తికి మించి పరుగెత్తును. గుండె చప్పుడునకును దేహములో జరుగు ఖర్చునకును గల సంబంధము తెలిసినగాని ఈ పొరపాట్లు తొలగవు.

ఈ చిక్కు విడుటకు ముందుగా బెల్లపు పొయ్యిని చూడవలెను. గానుగలో పిండిన రసము పెద్ద పెనములో కాగుచుండగా, క్రింద ఒకడు ఎండిన చెఱకు పిప్పిని పొయ్యిలోనికి ఎగదోయుచుండును. మంట నిలుచుటకు రెండు కావలెను: పొయ్యిలోనికి పిప్పి పోవలెను; దానికి గాలి తగులవలెను. గాలి చాలనిచో పిప్పి ఎంత కుక్కినను పొగ వచ్చునే గాని మంట రాదు. మన దేహమును ఇట్టి పొయ్యియే. మనము తిన్న ఆహారము వంటచెఱకు. పీల్చెడి గాలిలోని ప్రాణవాయువు దానిని మెల్లమెల్లగా దహించును. అందువలన ఒంటికి వేడియు, కండరములకు పనిచేయు శక్తియు కలుగును. మిగిలిన బొగ్గుపులుసు వాయువు ఊపిరితో వెలువడును. కంటికి మంట కానరాదు గాని, ఒంటి వెచ్చదనమే ఆ దహనమునకు గుర్తు.

ఊపిరియు ఒక విధమగు దహనమేయని ప్రయోగములచే చూపిన ఖ్యాతి ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రజ్ఞుడగు లవోయిజర్‌ది. అతడు 1783 ప్రాంతమున లాప్లాసు అను పండితునితో కలిసి ఒక గినీపందిని మంచు చుట్టిన పాత్రలో నుంచెను. అది విడిచిన వేడిమికి ఎంత మంచు కరగునో కొలిచెను. తరువాత 1789 ప్రాంతమున సెగ్విన్ అను సహచరునిపై మఱియొక ప్రయోగము చేసెను. అతడు ఊరక కూర్చున్నప్పుడు ఎంత ప్రాణవాయువు వాడునో, పని చేయుచున్నప్పుడు ఎంత వాడునో కొలిచి చూచెను. పని పెరిగిన కొలది ప్రాణవాయువు ఖర్చు పెరిగెను. నాడి వేగమును దానితోపాటు పెరిగెను. గుండె చప్పుడునకును దేహపు ఖర్చునకును గల చుట్టరికము ఆనాడే మానవునికి తెలిసినది.

ఈ ఖర్చును కొలుచు ప్రమాణము కేలరీ. ఒక కిలోగ్రాము నీటిని ఒక సెంటిగ్రేడు డిగ్రీ వేడి చేయుటకు కావలసిన వేడిమిని శాస్త్రజ్ఞులు కిలోకేలరీ యందురు. ఆహార విషయమున జనులు కేలరీ యని వ్యవహరించునది దీనినే. ఒక గ్రాము పిండిపదార్థము గాని, చక్కెర గాని దేహములో సుమారు 4 కేలరీల నిచ్చును. మాంసకృత్తులును అంతే. ఒక గ్రాము క్రొవ్వు సుమారు 9 కేలరీల నిచ్చును. పది గ్రాముల బెల్లపు ముక్కలో దాదాపు 38 కేలరీలు కలవు. ఇంకొక ముఖ్యమైన లెక్క కలదు: దేహములో పిండిపదార్థము దహనమైనను, క్రొవ్వు దహనమైనను, ఒక లీటరు ప్రాణవాయువు ఖర్చు కాగా వెలువడు శక్తి ఇంచుమించు 5 కేలరీలే. కావున ఒకడు ఎన్ని లీటర్ల ప్రాణవాయువు వాడెనో తెలిసినచో, ఎన్ని కేలరీలు ఖర్చు చేసెనో చెప్పవచ్చును. కేలరీలకు సరియైన కొలత ప్రాణవాయువు. గుండె చప్పుడు కాదు. ఈ భేదము మఱవరాదు.

పొయ్యిలోని వేడి తిన్నగా పెనమునకు తగులును. దేహములో అట్లు కాదు. ఆహారపు శక్తి మొదట ఒక చిల్లర నాణెముగా మారి, ఆ నాణెమును కండరము ఖర్చు పెట్టును. ఈ రహస్యమును వెలికి దీసినవారిలో ఒక తెలుగువాడు అగ్రగణ్యుడు. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు. 1895వ సంవత్సరమున భీమవరములో జన్మించి, రాజమహేంద్రవరమునను మద్రాసునను చదివి, మద్రాసు వైద్య కళాశాలలో వైద్యవిద్య నభ్యసించెను. 1922లో అమెరికా చేరెను. బోస్టను నగరమున హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్ అను ఆచార్యునితో కలిసి, దేహ ద్రవములలో భాస్వరమును కొలుచు పద్ధతి నొకదానిని కనిపెట్టెను. 1925లో ప్రకటింపబడిన ఆ పద్ధతి వారిరువురి పేరనే ప్రయోగశాలలలో ప్రసిద్ధి చెందినది.

ఆ పద్ధతితోనే వారు కండరములను శోధించిరి. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును కనుగొనిరి. 1929లో ఏటీపీ యను మఱియొక పదార్థమును కండరము నుండి వేరుచేసిరి. అదే కాలమున జర్మనీలో కార్ల్ లోమన్ అను శాస్త్రజ్ఞుడును దానిని విడిగా కనుగొనెను. కండరము ముడుచుకొనుటకు వెంటనే చెల్లించు నాణెము ఈ ఏటీపీయే. కండరములో దీని నిలువ మిక్కిలి స్వల్పము. గట్టిగా పరుగెత్తినచో కొలది సెకండ్లకే సరిపోవును. ఫాస్ఫోక్రియాటిన్ దానిని మఱల నింపుచు ఇంకొక పది సెకండ్ల వరకు ఆదుకొనును. అటుపిమ్మట పిండిపదార్థమును క్రొవ్వును దహించుచు కొత్త నాణెములను తయారు చేసికొనుచుండవలెను. ఆ దహనమునకు ప్రాణవాయువు కావలెను. రోలుగుంట దారిలో నడచిన ఇద్దరి కాళ్ళలోను గంటసేపు జరిగినది ఈ పనియే.

ఇక గుండె చేయు పని యేమి? అది మంటయు కాదు, వంటచెఱకును కాదు. ఊపిరితిత్తులలో ప్రాణవాయువును నింపుకొన్న రక్తమును కండరములకు చేరవేయు కావడి మోయువాడు మాత్రమే. విశ్రాంతిగా నున్న పెద్దవారి గుండె నిమిషమునకు 60 నుండి 100 మార్లు కొట్టుకొనును. ఒక్కొక్క చప్పుడునకు సుమారు 70 మిల్లీలీటర్ల రక్తమును బయటికి నెట్టును. నిమిషమునకు 72 చప్పుళ్ళయినచో 5 లీటర్లకు పైగా రక్తము దేహమంతట తిరుగునన్నమాట. కఠినమైన పనిలో ఇది 20 లీటర్లకు చేరగలదు. బాగుగా సాధన చేసిన క్రీడాకారులలో 30 లీటర్లను మించుటయు కలదు. కండరములకు చేరు ప్రాణవాయువు మూడింటిపై ఆధారపడును: నిమిషమునకు గుండె ఎన్ని మార్లు కొట్టుకొనినది, ఒక్కొక్క మారు ఎంత రక్తము నెట్టినది, ఆ రక్తము నుండి కండరము ఎంత ప్రాణవాయువును గ్రహించినది. గడియారము ఈ మూడింటిలో మొదటిదానిని మాత్రమే చూడగలదు.

అయినను ఒకే మనుష్యుని విషయములో ఆ మొదటిది చాలవరకు నమ్మదగిన సాక్షి. అతడు వేగము పెంచిన కొలది ప్రాణవాయువు ఖర్చును, గుండె వేగమును ఇంచుమించు కలిసి పెరుగును. అందువలననే వ్యాయామ శాస్త్రజ్ఞులు గుండె వేగమును బట్టి శ్రమను కొన్ని మెట్లుగా విభజించిరి. మెట్లు కట్టుటకు మొదట పై హద్దు తెలియవలెను. గుండె ఎంత శ్రమలోనైనను దాటలేని వేగమొకటి ఉండును. దానిని గరిష్ఠ వేగమందురు. 220 నుండి వయస్సును తీసివేసిన ఆ సంఖ్య వచ్చునను సులభ సూత్రము 1970 ప్రాంతము నుండి వ్యాప్తిలో నున్నది. 2001లో ప్రకటింపబడిన మఱియొక లెక్క ప్రకారము వయస్సులో పదింట ఏడు వంతులను 208 నుండి తీసివేయవలెను. 40 ఏండ్లవానికి రెండు లెక్కలును 180 అనియే చెప్పును. 60 ఏండ్లవానికి మొదటిది 160 అనియు, రెండవది 166 అనియు చెప్పును. ఇవి సగటు లెక్కలు మాత్రమే. ఒకే వయస్సువారిలో సహజముగనే పది పన్నెండు చప్పుళ్ళ తేడా ఇటునటు ఉండవచ్చును. బాలబాలికలకు ఈ సూత్రములు సరిపడవు. వారి గరిష్ఠ వేగము వయస్సుతో పెద్దగా మారక 200 ప్రాంతముననే నిలుచును.

ఆ గరిష్ఠ వేగములో నూటికి 50 నుండి 60 వంతుల వరకు మొదటి మెట్టు. మెల్లని నడక ఇందులోనిది. 60 నుండి 70 వరకు రెండవది. ఇది చురుకైన నడక. 70 నుండి 80 వరకు మూడవది, నిలకడగల పరుగు. 80 నుండి 90 వరకు నాలుగవది. రొప్పు పుట్టించు పరుగు. 90కి పైన ఐదవది. ఇందు చాలసేపు నిలుచుట మిక్కిలి కష్టము. 40 ఏండ్లవాని గరిష్ఠ వేగము 180 అనుకొన్నచో, అతని రెండవ మెట్టు 108 నుండి 126 వరకు, మూడవ మెట్టు 126 నుండి 144 వరకు ఉండును. ఫిన్లాండు దేశమున మార్టి కార్వోనెన్ అను శాస్త్రజ్ఞుడు 1957లో తన సహచరులతో ప్రకటించిన పరిశోధన నుండి ఇంకొక పద్ధతి వచ్చినది. గరిష్ఠ వేగము నుండి విశ్రాంతి వేగమును తీసివేసి, మిగిలిన దానిలో వంతులు కట్టి, మఱల విశ్రాంతి వేగమును కలుపవలెను. గరిష్ఠము 180, విశ్రాంతి 70 అయినచో మిగులు 110. అందులో నూటికి 60 వంతులు 66. దానికి 70 కలిపిన 136. ప్రతివాని విశ్రాంతి వేగమును లెక్కలోనికి తీసికొనుటచే ఈ పద్ధతి మనిషికి తగినట్లు మారును.

ఈ మెట్లలో రెండవదానిని కొందరు "క్రొవ్వు కరగించు మెట్టు" అని పిలుతురు. ఆ పేరులో కొంత నిజము, కొంత భ్రమ కలసియున్నవి. బెల్లపు పొయ్యిలో ఎండిన పిప్పి వెంటనే అంటుకొని, వెంటనే అయిపోవును. మోటు మొద్దు నిదానముగా అంటుకొని, చాలసేపు కాలును. దేహములో పిండిపదార్థము పిప్పివంటిది, క్రొవ్వు మొద్దువంటిది. మెల్లని శ్రమలో ప్రాణవాయువు కావలసినంత అందును గనుక దేహము మొద్దుల వైపు మొగ్గును. శ్రమ తీవ్రమైన కొలది త్వరగా అంటుకొను పిప్పియే ఎక్కువ వాడబడును. కావున మెల్లని నడకలో మొత్తము ఖర్చులో క్రొవ్వు వాటా పెద్దదన్న మాట నిజము. కాని పెద్ద వాటా వేఱు, పెద్ద మొత్తము వేఱు.

ఒక లెక్క చూతము. 60 కిలోగ్రాముల మనిషి అరగంట మెల్లగా నడచినచో సుమారు 90 కేలరీలు ఖర్చగును. అరగంట గంటకు 8 కిలోమీటర్ల వేగముతో పరుగెత్తినచో సుమారు 240 కేలరీలు ఖర్చగును. నడకలో నూటికి 60 వంతులు క్రొవ్వు నుండి వచ్చినవనియు, పరుగులో 35 వంతులే వచ్చినవనియు అనుకొందము. నడకలో క్రొవ్వు నుండి వచ్చినవి 54 కేలరీలు. అనగా 6 గ్రాముల క్రొవ్వు. పరుగులో 84 కేలరీలు. అనగా 9 గ్రాములకు కొంచెము పైన. వాటా తగ్గినను మొత్తము పెరిగినది. అట్లని నడక నిరుపయోగమని తలపరాదు. అదే మనిషి ఒక గంట 20 నిమిషములు మెల్లగా నడచినచో అతనికిని 240 కేలరీలు ఖర్చగును. వాటిలో క్రొవ్వు నుండి వచ్చినవి 144 అగును. పరుగెత్తలేని వృద్ధులకును, క్రొత్తగా సాధన మొదలిడినవారికిని దీర్ఘమైన నడక ఎంతో మేలు. ఐదవ మెట్టున క్రొవ్వు వాడుక నిజముగనే మిక్కిలి తగ్గిపోవును. అన్నింటికంటె ముఖ్యమైనది, ఒంటి బరువును నిర్ణయించునది ఒక్క గంటలో ఏది దహనమైనదను విషయము కాదు. దినదినమును తిన్నదెంత, ఖర్చయినదెంత యను లెక్కయే దానిని నిర్ణయించును.

ఇక సాక్షి తప్పు చెప్పు సందర్భములు కొన్ని కలవు. పరీక్షా ఫలితముల కొఱకు ఎదురుచూచు బాలుని గుండె కూర్చున్నచోటనే దడదడ కొట్టుకొనును. దారిలో పాము కనబడినను అంతే. గుండె వేగము పరుగెత్తువాని వలె ఉన్నను, కాళ్ళు కదలలేదు గనుక పరుగునకు తగిన కేలరీలు ఖర్చు కావు. జ్వరములోను గుండె వేగము పెరుగును. మండువేసవిలో చర్మమును చల్లబరచుటకు రక్తము అటు ప్రవహింపవలసియుండును. చెమటతో ఒంటిలోని నీరు తగ్గును. అందువలన అదే నడకకు గుండె మఱింత వేగముగా కొట్టుకొనును. ఆ అదనపు చప్పుళ్ళు అదనముగా క్రొవ్వును కరగించుట లేదు. దేహము వేడికి అలసిపోవుచున్నదని చెప్పుచున్నవి. ఎండలో చప్పుళ్ళు పెరిగినవని సంతసించి పరుగు కొనసాగించువాడు సాక్షి మాటను తలక్రిందులుగా వినుచున్నాడు. రక్తపుపోటునకు వాడు కొన్ని మందులు గుండె వేగమును తగ్గించును. వానిని వాడువారి విషయమున పై మెట్ల లెక్కలు పనికిరావు.

చేతి గడియారముల సంగతియు ఇట్టిదే. 2017లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు ఏడు రకముల గడియారములను 60 మంది చేతులకు కట్టి పరీక్షించిరి. వానిలో ఆరు గుండె వేగమును నూటికి 5 వంతులలోపు తేడాతో చెప్పగలిగెను. కేలరీల విషయమున మాత్రము అన్నింటిలో మేలైనది కూడ సగటున నూటికి 27 వంతులు తప్పెను; అన్నింటికంటె వెనుకబడినది 93 వంతులు తప్పెను. చప్పుళ్ళను లెక్కించుట సులభము. చప్పుడు నుండి కేలరీలను ఊహించుట కష్టమని దీనివలన తెలియుచున్నది.

ఇప్పుడు రోలుగుంట దారికి మఱల పోదము. గంటకు 6 కిలోమీటర్ల వేగముతో గంటసేపు నడచుటకు 60 కిలోగ్రాముల మనిషికి సుమారు 300 కేలరీలు కావలెను. లీటరునకు 5 కేలరీల చొప్పున అందులకు 60 లీటర్ల ప్రాణవాయువు, అనగా నిమిషమునకు ఒక లీటరు చొప్పున, కండరములకు చేరవలెను. రైతు గుండె ఆ లీటరును 105 చప్పుళ్ళలో చేరవేసెను. ఒక్కొక్క చప్పుడునకు సుమారు తొమ్మిదిన్నర మిల్లీలీటర్లు. యువకుని గుండె దానినే 140 చప్పుళ్ళలో చేరవేసెను. ఒక్కొక్క చప్పుడునకు సుమారు 7 మిల్లీలీటర్లు. ఒకడు పెద్ద బిందెతోను, మఱియొకడు చిన్న చెంబుతోను బావి నుండి నీళ్ళు మోసి ఒకే తొట్టిని నింపినట్లున్నది. చెంబువాడు ఎక్కువ మార్లు తిరుగును. తొట్టిలోని నీరు మాత్రము రెండు విధముల సమానమే.

కావున రైతు మాటయే నిజము. ఇద్దరును ఇంచుమించు సమానముగానే కేలరీలు ఖర్చు చేసిరి. ఏండ్ల తరబడి చెఱకు తోటలో నీరు కట్టి, గడ్డ త్రవ్వి, మోపులెత్తిన దేహము గనుక పినతండ్రి గుండె ఒక్కొక్క మారు ఎక్కువ రక్తమును నెట్టగలదు. అతని కండరములు రక్తము నుండి ఎక్కువ ప్రాణవాయువును గ్రహింపగలవు. చదువు గదిలో కూర్చుండు అలవాటుగల యువకునికి ఆ బలము ఇంకను చేకూరలేదు. గడియారము చూపిన 35 చప్పుళ్ళ తేడా అతని గెలుపు కాదు. అతనికి మిగిలియున్న సాధన. అంతేకాదు, ఆ 300 కేలరీలు సుమారు 80 గ్రాముల బెల్లముతో సమానము. నడక ముగించి గానుగ యొద్ద ఆగి ఒక పెద్ద ముక్క వేడి బెల్లము తిన్నచో గంటసేపటి ఖర్చు నాలుగు నిమిషములలో తిరిగి చేరును.

ఆ యువకుడు ప్రతిదినమును విడువక నడచినచో కొన్ని వారములకు అదే దారిలో అతని గుండె వేగము 140 నుండి క్రమముగా తగ్గును. ఆనాడు గడియారము కేలరీలు తగ్గినవని చెప్పిన చెప్పవచ్చును. దానిని చూచి అతడు చింతింపరాదు. పని తగ్గలేదు, పనివాడు బలపడినాడు. చెంబు బిందె యగుచున్నది. వ్యాయామమువలన కలుగు లాభములలో కేలరీల ఖర్చు చిన్నది. గుండె బలపడుటయే పెద్దది.

ఈ సాక్ష్యమును వినుటకు గడియారమే కావలెనన్న నియమము లేదు. అరచేతిని పైకి త్రిప్పి, బొటనవ్రేలి మొదట, మణికట్టుపై రెండవ చేతి చూపుడువ్రేలిని నడిమివ్రేలిని మెత్తగా నుంచినచో నాడి తెలియును. బొటనవ్రేలితో చూడరాదు, దానిలోనే నాడి కొట్టుకొనుచుండును గనుక లెక్క తప్పును. 15 సెకండ్లు లెక్కించి నాలుగింట గుణింపవలెను. పరుగు ఆపిన వెంటనే చూడవలెను. ఆలస్యమైనచో వేగము తగ్గిపోవును. ఉదయము మేలుకొనగనే పడకపై నుండియే నాడి చూచి వ్రాసికొనుచు వచ్చినచో, నెలల సాధనలో వచ్చు మార్పు ఎవరికి వారికే తెలియును.

ఇంతకంటె సులభమైన పరీక్ష నోటితోనే చేయవచ్చును. నడచుచు ఒక పద్యమును రాగముతో పాడగలిగినచో శ్రమ తేలికైనది. మాటలాడగలిగి పాడలేకపోయినచో మధ్యమమైనది. రెండు మూడు మాటలకే ఊపిరికై ఆగవలసివచ్చినచో తీవ్రమైనది. 5 నుండి 17 ఏండ్ల వయస్సు గలవారు దినమునకు సగటున 60 నిమిషములు మధ్యమమైన లేక తీవ్రమైన శ్రమ చేయవలెననియు, పెద్దలు వారమునకు 150 నుండి 300 నిమిషములు మధ్యమ శ్రమ చేయవలెననియు 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. కబడ్డీ, ఈత, సైకిలు, పొలము పని, బడికి నడక, ఇవన్నియు ఆ లెక్కలోనివే. ఎదుగుచున్న పిల్లలు కేలరీలు లెక్కించుచు ఆహారము తగ్గించుకొనరాదు. వారి ఎముకలకును కండలకును తిండి కావలెను. శ్రమలో ఛాతీ నొప్పి గాని, కన్నులు బైర్లు క్రమ్ముట గాని, ఊపిరి అందకపోవుట గాని కలిగినచో వెంటనే ఆగి, పెద్దలకు చెప్పి, వైద్యునికి చూపుకొనవలెను.

నాడి పట్టి చూచుట మన దేశపు వైద్యులకు పూర్వము నుండియు అలవాటైన విద్య. నేడు గడియారమును నాడి పట్టుచున్నది. అయితే నాడి యేమనుచున్నదో తెలిసికొనవలసినవాడు మనుష్యుడే. గుండె ఎన్నడును అబద్ధమాడదు. అది తన శ్రమను మాత్రమే చెప్పును. ఆ శ్రమ పనివలన కలిగినదా, ఎండవలన కలిగినదా, భయమువలన కలిగినదా యని విచారించి తీర్పు చెప్పవలసినది వివేకము. గానుగ యొద్ద రైతు మంట ఎత్తును మాత్రమే చూచి మురియడు. పెనములోని పాకము ముదిరినదా లేదా యని చూచును. వ్యాయామము చేయువాడును అట్లే అంకెను గాక ఆరోగ్యమును చూడవలెను.